హాజిరి రద్దయిన తారీకు

తాలూకా కచేరీ గిర్దావర్ వస్తున్నాడన్న కబురు ఆయనకంటే ముందే తండాకు చేరింది. పిట్లం రోడ్డు మీద బస్సు దిగి, ఖాకీ బట్టల జవానును వెంటబెట్టుకుని, మక్కచేన్ల గట్ల మీదుగా నడిచి వస్తున్నాడని మేకలు కాసే ఆడవాళ్లు కేకేశారు. ఆ ఒక్క కేకకు భోజ్యా తండాలో జరగాల్సినవన్నీ జరిగిపోయాయి. వయసులో ఉన్న మగవాళ్లు నలుగురు వాగు దిక్కు మాయమయ్యారు. ఎమర్జెన్సీ పోయి ఆరు నెలలు దాటినా, సర్కారు మనిషిని చూస్తే వాళ్ల కాళ్లు వాళ్ల మాట వినడం లేదు. సారా కుండ మీద గడ్డిమోపు పడింది. లోక్యా తన గుడిసెలోంచి దుప్పటి చుట్టి చంకలో పెట్టుకుని వచ్చి, ఎవరూ అడగకుండానే గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఖాకీ గుడ్డ కనబడితే చాలు, ముసలాడికి అదే పని. పోస్టుమన్ వచ్చినా దుప్పటి తెచ్చుకుంటాడు.

నాయక్ భిక్యా మాత్రం మంచం అల్లడం ఆపలేదు. తండాకు పెద్ద, డెబ్బై ఏళ్ల మనిషి. నులక తాడును పట్టెకు తిప్పి, మడమతో తొక్కిపట్టి, లాగి బిగిస్తున్నాడు. చేతిలో పని ఆగితే బెదిరాడనుకుంటారని ఆయన లెక్క.

"నాయక్ ఎవరు?" అన్నాడు గిర్దావర్, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

"నేనే సాబ్."

"నీల అనే పిల్ల నీకేమైతది?"

తాడు చేతిలో ఆగింది. "మన్మరాలు. ఏం జేసింది?"

"ఏం జెయ్యలే. సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టుకుంది. నాలుగు మాటలడిగి పోత." గిర్దావర్ ఇంకో మంచం మీద కూర్చుని కాగితాలు మోకాలి మీద పరుచుకున్నాడు. "మీరు లంబాడోళ్లేనా?"

బుద్ధెరిగాక భిక్యాను ఈ ప్రశ్న రెండుసార్లు అడిగారు. నైజాం జమానాలో గుర్రమెక్కి వచ్చిన పోలీసు అమీన్ అడిగాడు. అవును, లంబాడోళ్లమేనని రొమ్ము విరుచుకుని చెప్పినందుకు పది వేళ్లకూ సిరా పూసి గుర్తులు పట్టుకుపోయాడు. పోయినేడు జీపులో వచ్చినవాళ్లు అడిగారు. అప్పుడూ అవునన్నాడు. ఇద్దరు పడుచువాళ్లను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని ఎక్కించుకుపోయారు. వాళ్లలో ఒకడికి అప్పటికి ఒక్కతే కూతురు. రెండుసార్లు నిజం చెప్పి చూశాడు, ఇక చాలు.

"కాదు సాబ్" అన్నాడు.

గిర్దావర్ తలెత్తాడు. "కాదా?"

"కాదు. ఎవుసం జేసుకునెటోళ్లం."

"అది పని. నేను జాత్ అడుగుతున్న."

"మాకు పనే జాత్ సాబ్."

అప్పుడే సోనాబాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. భిక్యా కోడలు, నీల తల్లి. నిండా అద్దాలు కుట్టిన రవిక, మోచేతి పైదాకా తెల్ల గాజులు, చెంపల మీద వేలాడే వెండి గొలుసులు, కాళ్లకు కడియాలు. బాన్సువాడ బస్టాండులో పసిపిల్లను అడిగినా ఆమెది ఏ జాతో చెప్తుంది. గిర్దావర్ ఆమెను చూశాడు, భిక్యాను చూశాడు, కాగితాన్ని చూశాడు. ఆయన ఆ పొద్దు ఇంకా మూడూళ్లు తిరగాలి.

సోనాబాయికి అంతా తెలుసు. ఆ దరఖాస్తు ఎందుకో తెలుసు, ముసలాయన నోటి మాటతో ఏం మునుగుతోందో తెలుసు. ముందే చెప్తే వద్దంటాడని తల్లీకూతుళ్లు ఆయన దగ్గర దాచారు. ఇప్పుడు చెబుదామంటే వీల్లేదు. మామ ముందర కోడలు నోరు విప్పకూడదన్నది తండా కట్టు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ముసుగు కిందికి లాక్కుని, చేతులు గట్టిగా విదిలించి గాజులు మోగించింది. వద్దు, అట్లా అనవద్దని చెప్పడం అది.

"చూడుండ్రి సాబ్, నా కోడలు గూడ గదే అంటుంది" అన్నాడు భిక్యా.

గిర్దావర్ రాసుకున్నాడు. "నాయక్‌వు నువ్వు. నీ మాటే సాక్ష్యం. వేలెయ్యి."

జవాను సిరా డబ్బీ మూత తీసేలోపే భిక్యా రెండు చేతులూ చాపి, పది వేళ్లూ విడదీసి పట్టుకున్నాడు.

"ఒక్కటి చాలు" అన్నాడు గిర్దావర్.

నీల పొద్దువాలే వేళకు బాన్సువాడ నుంచి వచ్చింది. ఫోటో దిగి, మార్కుల కాగితానికి నకళ్లు రాయించుకుని వచ్చింది. పద్దెనిమిదేళ్లు. ఆ తండాలో పదో తరగతి దాటిన మనిషి ఇంకొకరు లేరు. తండ్రి జేత్యా నిజాంసాగర్ కాలువలో పూడిక తీసే పనికి పోయి పదిహేను రోజులయింది కనుక, ఇంట్లో సర్కారు వ్యవహారమంతా ఆమెదే. పొయ్యి దగ్గర తల్లి జరిగింది చెప్పింది. నీల చేతిలో ఫోటోల కవరు అలాగే ఉండగా బయటికి వచ్చి మంచం ముందర నిలబడింది.

"దాదా, గా సాబ్ ఏమడిగిండు?"

"మనం లంబాడోళ్లమా అనడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"కాదన్న" అన్నాడు భిక్యా. మంచి పని చేసినవాడి గొంతు అది.

నీల నేల మీద కూలబడింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు రావాలో తెలియక రెండూ వచ్చాయి. "పంతులమ్మ ట్రైనింగ్‌ల ట్రైబు పిల్లలకు ఒక్క సీటుంది దాదా. గీ యేడు సంది మనల్ని గూడ ట్రైబు లిస్టుల కలిపిండ్రు. శనివారం లోపల సర్టిఫికెట్ తెచ్చుకుంటే సీటు నాది. లేకుంటే ఇంకెవరిదో. గా సర్టిఫికెట్ కోసమే ఆ సాబ్ వచ్చింది."

"లిస్టా?" భిక్యా మొహం మారింది. "నీ చేతులార నువ్వే పోయి లిస్టుల పేరెక్కిచ్చుకుంటవా?"

"ఎక్కకుంటే సీటు రాదు."

"ఎక్కితే ఏమేమొస్తయో నీకు తెల్వదు. నాకు తెల్సు."

"వేలు నువ్వేసినవ్" అంది నీల, కళ్లు తుడుచుకుని. "నువ్వే తీయాలె."

మంగళవారం ఇద్దరూ తాలూకా కచేరీకి పోయారు. గుమస్తా చెడ్డవాడేం కాదు. కాగితం తీసి చూపించాడు. "నాయక్ కాదన్నడు, వేలేసిండు. ఇప్పుడు అదే నాయక్ వచ్చి ఔనంటే ఏది నిజమనుకోవాలె? మీ జాత్ రాసి ఉన్న పాత సర్కారీ కాగితం ఏదన్న తేండ్రి. దాని మీద మార్పిస్త." బడి రిజిస్టర్లో నీల పేరుకు ఎదురుగా హిందూ అని, నాయక్ అని మాత్రమే ఉంది. రాసిన పంతులుకు అంతకంటే ఓపిక లేకపోయింది మరి.

కచేరీ గోడ నీడలో అమానుల్లా చిన్న బల్ల వేసుకుని కూర్చుంటాడు. ముప్పై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాడు, ముందు ఉర్దూలో, తరువాత తెలుగులో. ఆయన బల్ల మీద రెక్సిన్ అట్ట వేసిన లావు పుస్తకం ఒకటి ఉంటుంది. దాన్ని చూపిస్తే అర్జీదారులకు ధైర్యమొస్తుందని ఆయన నమ్మకం.

"ఇది దస్తూర్, నాయక్. దేశం మొత్తానికి రాసుకున్న రాజ్యాంగం" అన్నాడు, చొక్కా చేతితో అట్ట తుడిచి.

"మా పేరు గిండ్ల ఉందా?" అన్నాడు భిక్యా.

"గిండ్ల లేదు. ఎవరెవరు ట్రైబో ప్రెసిడెంటు లిస్టు తియ్యాలె, పార్లమెంటు దాన్ని మార్చాలె అని మాత్రం ఉంది. ఇంతకు ముందున్న లిస్టుల ఆంధ్రల ఉన్న లంబాడీలున్నరు. తెలంగాణల ఉన్న మీరు లేరు. ఇప్పుడు కలిపిండ్రు."

"ఆంధ్రల ఉన్నోళ్లది ఏం జాత్?"

"మీదే."

"మాట?"

"మీదే."

"మరి గిన్నేండ్లు?"

అమానుల్లా టోపీ ఎత్తి తల గోక్కున్నాడు. భిక్యా వదల్లేదు. "మా చెల్లె దేవీబాయిని దేగ్లూర్ దిక్కు ఇచ్చినం. ఆమె ఉందా లిస్టుల?"

"దేగ్లూర్ మహారాష్ట్ర. అక్కడోళ్లు లేరు."

"ఒక్క తల్లి పాలు తాగినం సాబ్. పెద్ద కొడప్‌గల్ దాటి ఇంకింత దూరం పోతే నా చెల్లె జాత్ మారిపాయెనా?"

"లిస్టులు రాష్ట్రానికొకటి రాస్తరు. లోపమే. నేను కాదంటలేను. పుస్తకం మంచిదే గని, రాసేటోళ్లకు మీ తండాలు కనబడలే."

"నైజామోడు రాసింది గూడ లిస్టే."

"అది మిమ్ముల కట్టెయ్యనీకి రాసింది. ఇది మీకు ఇయ్యనీకి."

"రాసిన్నాడు వాడు గూడ గట్లనే చెప్పిండు. పేరు రాయించుకుంటే భూమిస్తమన్నడు." భిక్యా మనవరాలి వైపు చూశాడు. విన్నావా అన్నట్టు.

అమానుల్లాకు రోషమొచ్చింది. తన పుస్తకాన్ని ఎవరన్నా తక్కువచేస్తే ఆయన ఊరుకోడు. పేజీలు తిప్పి వేలు పెట్టాడు. "ఇగో, పందొమ్మిదో నంబరు. ఈ దేశపోడు ఈ దేశంల ఎక్కడికన్న పోవచ్చు, ఎక్కడన్న ఉండొచ్చు. ఎవరి చిట్టీ అక్కర లేదు."

భిక్యా నవ్వాడు. "ఎప్పటి సంది?"

"యాభై సంది."

"అబద్ధం. రజాకార్ల గడబిడ సల్లారినంక గూడ, ఊరు దాటాలంటే పోలీస్ పటేల్ చిట్టీ కావాలె మాకు. పొద్దుగూకితే పటేల్ వాకిట్లకు పోయి హాజిరి చెప్పి ఆడనే పండాలె. నీల పుట్టినంక గూడ పోయిన నేను."

"నీల పుట్టినంకనా?" అమానుల్లా వేలు పేజీ మీద ఆగిపోయింది. "అంతకు శానా ముందే ఆ కానూన్ తీసేసిండ్రని విన్న. ఏ యేడో యాది లేదు."

భిక్యా ఆయన్ని కింది నుంచి మీది దాకా చూశాడు. ముప్పై ఏళ్లుగా కచేరీ నీడలో కూర్చున్నవాడు సర్కారు మాటే మాట్లాడతాడు, ఇందులో వింతేముంది అనుకున్నాడు. లేవబోయాడు.

"ఆగు. మీ జాత్ రాసి ఉన్న పాత కాగితం ఒక్కటే ఉంటది" అన్నాడు అమానుల్లా. "నీకిష్టం ఉండదు. ఠాణాల హాజిరి రిజిస్టర్."

బుధవారం భిక్యా పోనన్నాడు. ఏ పుస్తకంలోంచి పేరు పోవాలని జీవితమంతా మొక్కుకున్నాడో, దాన్నే వెతికి చూపించమని ఠాణాకు పోయి అడగాలా? నీల బతిమాలలేదు. తల్లి లాగే ముసుగేసుకుని ఆయన ముందర జొన్నరొట్టె పెట్టి పోయింది. మాట లేదు. ఇంట్లో మాట్లాడని ఆడమనిషి ఒకరుంటే ఎట్లాగో నడుస్తుంది, ఇద్దరైతే బతకడం కష్టం. గురువారం పొద్దున్నే లేచి తలపాగా చుట్టాడు.

ఠాణా వరండాలో బెంచీ ఖాళీగా ఉంది. భిక్యా గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బెంచీ ఉంది గద పెద్దమనిషీ?" అన్నాడు జమేదార్ రామబ్రహ్మం. రిటైరుకు దగ్గరపడ్డ మనిషి, కళ్లద్దాల కాడకు దారం కట్టుకున్నాడు.

"ఇట్లనే అలవాటు జమేదార్ సాబ్."

రామబ్రహ్మం లేచాడు. లోపలి గదిలో చాలాసేపు వెతికి, ఎలుకలు కొరికిన గుడ్డ అట్ట పుస్తకం తెచ్చి దుమ్ము దులిపాడు. "నసీబున్నది మీకు. పాత రిజిస్టర్లన్నీ సోమవారం జిల్లాకు పంపుతున్నం. అంతా ఉర్దూ, నాకు రాదు." అందుకే నీల అమానుల్లాను వెంట తెచ్చింది. ఆయన కళ్లు చికిలించి చదివాడు.

"భోజ్యా తండా. ఒకటి. భిక్యా, తండ్రి భోజ్యా, లంబాడి. రెండు. లోక్యా, తండ్రి రూప్లా, లంబాడి..."

"లంబాడి అని ఉందా?" నీల గొంతులో సంతోషం దాగలేదు. "అందరికీ ఉందా?"

"అందరికీ ఉంది బేటీ."

"మీద అట్ట మీదిది గూడ చదువు సాబ్" అన్నాడు భిక్యా గోడ దగ్గర నుంచి. "అది గూడ విననియ్యి."

అమానుల్లా నీల మొహం చూడకుండా చదివాడు. "నేరస్థ జాతుల హాజిరి."

నీల చేతులు కిందికి జారాయి. తనకు సీటు తెచ్చిపెట్టేది ఈ మాట కింద రాసిన పేరేనని ఆమెకు అప్పుడు తెలిసింది. అమానుల్లా పేజీలు తిప్పుతూ పోయాడు. వరుసగా తారీకులు, పేర్ల ఎదురుగా గీతలు. ఒక చోట ఆగి, ఆ పేజీని వెలుతురుకు పట్టుకున్నాడు. ఎర్ర సిరాతో నాలుగు వరుసలున్నాయి. ఆయన చదవలేదు.

"చదువు" అన్నాడు భిక్యా.

"వెయ్యిన్ని తొమ్మిది వందల యాభై రెండు, ఆగస్టు ముప్పై ఒకటి. నేటి నుంచి ఈ కానూన్ రద్దు. హాజిరి బంద్. పోలీస్ పటేల్‌కు హుకుం చదివి వినిపించడమైనది." అమానుల్లా వేలు కిందికి జరిపాడు. "కింద పటేల్ దస్కతుంది."

"తర్వాత పేజీ తిప్పు."

తెల్ల కాగితం.

"ఇంకోటి తిప్పు."

అదీ తెల్లదే. చివరి అట్ట వచ్చేదాకా భిక్యా తిప్పించాడు. అన్నీ తెల్లవే. "మేం పోయినం గద?" అన్నాడు. ఎవరిని అడుగుతున్నాడో తెలియదు. "రోజూ పోయినం. పటేల్ రాసుకుంటుండె."

"దేంట్ల రాసుకుంటుండె?" అన్నాడు రామబ్రహ్మం.

"ఆయన దగ్గర ఒక నోటుబుక్కుండె. హాజిరి చెప్పినంక కట్టెలు కొట్టెటోళ్లం, ఎడ్లకు కుడితి పెట్టెటోళ్లం. రెండంతస్తుల ఇల్లు గట్టిండు, దాని రాళ్లన్నీ మేమే మోసినం. పైస అడిగితే కానూన్ అన్నడు. హాజిరోళ్లకు పైసలుండవన్నడు."

రామబ్రహ్మం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నీల వేళ్లు మడిచింది. "నేను పుట్టినంక రెండేండ్లకు పటేల్ సచ్చిండంటివి గద. తొమ్మిదేండ్లు దాదా. తొమ్మిదేండ్లు ఉత్తగనే పోయిండ్రు."

భిక్యా ఆ లెక్క వినడం లేదు. "మీ యాడి, బాపుల పెండ్లి ఎప్పుడైంది?"

"యాభై ఏడుల."

"హీరాబాయి పోయింది గా యేడే" అన్నాడు.

హీరాబాయి లోక్యా భార్య. ఆమె సంగతి తండాలో అందరికీ తెలుసు. నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగిందని ఆడవాళ్లు పటేల్ దర్వాజా దాకా వచ్చి అరిచారు. బండి కట్టి బాన్సువాడ దవాఖానకు తీసుకుపోవాలి, లోక్యాను పంపండన్నారు. తెల్లారేదాకా ఎవరూ కదలడానికి లేదు, కానూన్ అన్నాడు పటేల్. లోక్యా అయినా లేచాడు. లేచినవాడి చేతిని పట్టుకుని కూర్చోబెట్టింది పటేల్ కాదు. పోతే జైల్లో వేస్తార్రా, తండా మొత్తాన్ని వేస్తారు, కూర్చో అని గట్టిగా పట్టుకున్నది నాయక్ భిక్యా. పొద్దున పోయేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

ఠాణా గోడ పక్కన కూర్చున్న భిక్యా కుడిచేయి ఎడమ మణికట్టును పట్టుకుని ఉంది. ఎంతసేపటికీ వదల్లేదు. నీల చూసింది. చూసి, తల తిప్పుకుంది.

శుక్రవారం అమానుల్లా ఆ పేజీలకు తెలుగులో నకలు రాశాడు. పేర్లున్న మొదటి పేజీ, ఎర్ర సిరా పేజీ. రామబ్రహ్మం ఠాణా ముద్ర కొట్టి, "ఒక్కటే ఇస్తున్న. మల్ల అడగకుండ్రి, సోమవారానికి పుస్తకమే ఉండదు" అన్నాడు. రాసిన కూలి ఇవ్వబోతే అమానుల్లా తీసుకోలేదు. తన పుస్తకానికి మొన్న అంత వత్తాసు పలికినవాడు ఇవాళ దాన్ని వెంట తేలేదు.

తండాకు వచ్చాక భిక్యా ఆ నకలును తలపాగా మడతలో పెట్టుకున్నాడు. "ఇది నేనియ్య" అన్నాడు నీలతో. "రేపు కచేరీకి చూపిస్త. ఇచ్చుడు మాత్రం లేదు."

"ఫైలుల పెట్టుకుంటరేమో దాదా."

"పెట్టుకుంటే మనకేం మిగిలె? ఆ ముండకొడుకు మమ్ముల ఏం జేసిండో చెప్పనీకి నా దగ్గర ఇదొక్కటే ఉంది. పటేల్ సచ్చిండు, కొడుకు ఇల్లమ్ముకొని ఎటో పాయె. నేను నోటితోని చెప్తే ఎవడు నమ్ముతడు? సోమవారం నేనే కాదంటి గద. నా మాటకు యేం ఇలువ?"

పొయ్యి దగ్గర గాజులు కదిలాయి. సోనాబాయి లేచి వచ్చింది. ముసుగు ముక్కు దాకా ఉంది. మామకు మూడడుగుల దూరంలో ఆగి, నేల చూస్తూ, "గా కాగితం పిల్లకియ్యి" అంది.

ఇరవై ఏళ్లలో అదే మొదటి మాట. నీల నోటి మీద చేయి పెట్టుకుంది. భిక్యాకు ముందు ఎవరు మాట్లాడారో తెలియలేదు. తెలిశాక కోపం రావాలి, తండా నాయక్ కనుక రావాలి. రాలేదు. సోమవారం ఈ మనిషి గాజులు ఎందుకు మోగించిందో ఇప్పుడు అర్థమైంది. తండా కట్టు కాపాడుకుంటూ ఇంతదాకా వచ్చాం అనుకున్నాడు, సిగ్గేసింది.

అయినా నకలు తలపాగాలోనే ఉంది.

శనివారం కచేరీలో జనం ఎక్కువ. భూమి పహాణీల కోసం వచ్చిన రైతులు పదిమంది తహసీల్దార్ బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. తహసీల్దార్ నకలు చదివాడు, రెండో పేజీ కూడా చదివాడు. "సరిపోతది. నాయక్ మాట మార్చి ఇంకో కాగితం మీద వేలెయ్యాలె" అని గుమస్తాకిచ్చాడు. గుమస్తా సూది, దారం తీసుకున్నాడు. భిక్యా చేయి చాచి నకలు అంచు పట్టుకున్నాడు.

"అది నాది సాబ్."

"ఫైలుల ఉండాలె నాయక్. దేని మీద ఇచ్చినవని రేపు నన్నడుగుతరు."

"నాకింకోటి లేదు."

తహసీల్దార్ నీల వైపు చూశాడు. నీల తాత వైపు చూసింది. ఇవ్వమని అనలేదు, వద్దనీ అనలేదు. వెనక రైతులు సణగడం మొదలుపెట్టారు.

"ఒక్క మాటడుగుత సాబ్" అన్నాడు భిక్యా, పట్టు వదలకుండానే. "యాభై రెండుల మా పేరు కొట్టేసిండ్రు, మాకెవరు చెప్పలే. ఇప్పుడు మల్ల లిస్టుల రాసిండ్రు. రేపు ఎన్నడన్న ఇది గూడ కొట్టేస్తే మాకెవరొచ్చి చెప్తరు?"

"గెజిట్‌ల వేస్తరు."

"గెజిట్ మా తండాకొస్తదా?"

తహసీల్దార్ కలం మూత పెట్టాడు, తీశాడు. "రాదు" అన్నాడు.

అబద్ధం చెప్పనందుకో ఏమో, భిక్యా ఆ మనిషిని మొదటిసారి సరిగా చూశాడు. తరువాత నకలు గుంజుకుని నీల చేతిలో పెట్టాడు. "రెండో పేజీ చదువు బిడ్డా. గట్టిగ చదువు."

నీల చదివింది. మొదట మెల్లగా చదివింది. రద్దు అన్న మాట దగ్గర గొంతు పెరిగింది. రైతులు సణుగుడు మానేశారు.

"తారీకు ఇంకోసారి."

"వెయ్యిన్ని తొమ్మిది వందల యాభై రెండు, ఆగస్టు ముప్పై ఒకటి."

"ఎవరి దస్కతుంది?"

"పోలీస్ పటేల్ దస్కతు."

"ఇన్నరు గద అందరు" అన్నాడు భిక్యా. ఆయన నకలు తీసుకుని గుమస్తా ముందర పెట్టాడు. గుమస్తా సూదితో మూలకు పొడిచి, దారం లాగి ముడేశాడు. కొత్త కాగితం వచ్చాక, అది మొత్తం నీల చదివి చెప్పేదాకా భిక్యా వేలు పెట్టలేదు. వెనక వైపు ఏమన్నా రాసి ఉందేమోనని తిప్పించి కూడా చూశాడు. మధ్యాహ్నానికి సర్టిఫికెట్ నీల చేతికొచ్చింది. ఆమె దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, సిరా ఆరినా ఊదుతూ నడిచింది.

తండాకు వచ్చాక భిక్యా ఇంటికి పోలేదు. నేరుగా లోక్యా గుడిసెకు పోయాడు. నీల వెంటే ఉంది. లోక్యా వాకిట్లో కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. భిక్యా ఆయన పక్కన కూర్చుని ఒక కంకి తీసుకున్నాడు. రెండు వరుసల గింజలు రాల్చాడు.

"లోక్యా, ఇగ హాజిరి లేదురా" అన్నాడు.

"ఆఁ?"

"హాజిరి రద్దయింది. ఠాణాల నేనే చూసొచ్చిన. ఎర్ర సిరాతోని రాసిండ్రు. ఖాకీలొచ్చినా ఎవలొచ్చినా నువ్వు లేవద్దు."

లోక్యా చేతిలో కంకి ఆగింది. భిక్యా మొహంలోకి చూశాడు, తమాషా చేస్తున్నాడేమోనని. "నిజంగనా అన్నా?"

"నిజంగ."

"నీమీద ఒట్టా?"

"నామీద ఒట్టు."

లోక్యా నోరు తెరుచుకుని నవ్వాడు. ఉన్న నాలుగు పళ్లూ కనబడ్డాయి. "ఎప్పుడు రద్దయింది?"

కచేరీలో పదిమంది ముందర రెండుసార్లు చదివించుకున్న తారీకు భిక్యా నాలుక మీదే ఉంది. తను పట్టుకుని కూర్చోబెట్టిన ఆ చేతి వైపు చూశాడు. బక్కచిక్కి, గింజల పొట్టు అంటుకుని ఉంది.

"మొన్న" అన్నాడు. "మొన్ననే అయింది."

నీల కూడా కూర్చుని ఒక కంకి తీసుకుంది.

లోక్యా తల ఊపి మళ్లీ కంకి అందుకున్నాడు. "హీరా ఉన్నప్పుడైతే బాగుండు" అన్నాడు.

"ఔ" అన్నాడు భిక్యా.